రూతు పేరున్న అట్లాసు

రూతమ్మా,

నువ్వు ప్రభువు దగ్గరికి పోయి నేటికి ఏడాది. ఇది నీకు అందదని ఎరిగే రాస్తున్నాను. నా కోపం వినే ఓపిక నీకే ఉండేది.

బైబిలు వెనకున్న పౌలు ప్రయాణాల పటాలు చూసే నువ్వు భూగోళం నేర్చుకున్నావు. ఆ తిప్పలు మరో పిల్లకు ఉండకూడదని, మనుషులు ఎక్కడ, ఎందుకు కాపురముంటారో చూపే పెద్ద అట్లాసు నీ జ్ఞాపకార్థం మీ నెల్లూరు కాలేజీకి ఇచ్చాను. ఇవాళ పోయి చూస్తే అది అద్దాల బీరువాలో, తాళం వెనక ఉంది. దాని కోసం మైపాడు నుంచి వచ్చిన పద్మ అనే పిల్ల ఉత్త చేతులతో నిలబడి ఉంది.

"చనిపోయిన బిడ్డ పేరుంది గదా అయ్యగారూ. నలిగితే మీకే బాధ," అన్నాడు లైబ్రేరియను.

"యజమాని ఇచ్చిన తలాంతు డబ్బును వాడకుండా పాతిపెట్టిన దాసుడి గతి ఏమైందో బైబిల్లో చదివినావా? పుస్తకానికి సమాధి కట్టినావే నువ్వు," అన్నాను. చదువుకునేవాళ్లంతా తలలెత్తారు.

"కేకలేసినా ఇయ్యలేనయ్యా. పేరున్నంత వరకు అది జ్ఞాపకార్థం ఇచ్చిన పుస్తకమే."

ఆ పేరే తీసేస్తానని చెప్పి బీరువా తీయించాను. నేను మైదాతో అంటించిన నీ పేరు చీటీని తడిగుడ్డతో నానబెట్టి, చిరగకుండా ఊడదీశాను.

"ఇప్పుడు మామూలు పుస్తకమే గదా. ఇయ్యి."

అతను గొణుగుతూనే ఇచ్చాడు. పద్మ నీలాగే వేలు నాలుకకు అద్దుకుని పేజీ తిప్పింది.

నీ చీటీ ఇప్పుడు నీ బైబిల్లో, పౌలు పటాల మధ్య ఆరుతోంది.

నాన్న