బాండు పత్రంలో 'ఇకపై' అన్న మాట

మండల తహసీల్దారు మరియు కార్యనిర్వాహక మేజిస్ట్రేటు గారి సముఖమునకు,

కనకమామిడి గ్రామ నివాసి, బాలమల్లు గారి భార్య శకుంతలమ్మ, గృహిణి, వ్రాసి సమర్పించుకొనే అర్జీ.

అయ్యా,

విషయం: గుడుంబా కేసులో నాచేత చేయించదలచిన బాండు పత్రంలో 'ఇకపై' అన్న మాటను కొట్టివేయుట గురించి, అది కుదరనిచో నా సంతకంపై ఆశ వదులుకొనుట గురించి.

ఇద్దరు జామీనుదార్లను వెంటబెట్టుకొని వచ్చే సోమవారం తమరి కార్యాలయంలో హాజరు కావలెనని, బైండోవర్ బాండు మీద సంతకం చేయవలెనని నాకు నోటీసు అందినది. సోమవారం వస్తాను. ఆ పత్రం ఇప్పుడున్నట్టే ఉంటే సంతకం మాత్రం చేయను. కారణాలు వరుసగా రాస్తున్నాను. దయచేసి వరుస తప్పకుండా చదవగలరు.

1. నా వృత్తి గురించి. మాది ఇక్కడి వ్యవసాయ కుటుంబమే. పొలం కొంత చేయి దాటినా కొట్టంలో పాడి బర్రెలున్నాయి. ఇంటి పని, పాల పని, మా మహిళా సంఘం లెక్కలు రాయడం నా పనులు. పంచనామాలో వృత్తి అన్న గడిలో 'గుడుంబా తయారీ' అని నింపారు. ఆ గడిలో 'గృహిణి' అని ఉండవలెను.

2. పట్టుకున్న సరుకు గురించి. నగరంలో ఇప్పుడు సొంతంగా బీరు తయారుచేసి అక్కడికక్కడే అమ్మే బ్రూవరీలు చాలా వచ్చాయి. మొదట్లో ఎక్కడో ఒకటీ అరా ఉండేవట. ఇప్పుడు మొయినాబాద్‌లో బస్సెక్కి నగరం దిక్కు పోతే ఒక బోర్డు దాటకముందే ఇంకో బోర్డు కనిపిస్తుంది. నాకు వాటి మీద కోపం లేదు. బార్లీ గింజలను మరపట్టి, వేడినీళ్లలో నానబెట్టి, ఆ తియ్యటి నీళ్లను వేరు చేస్తారు. బీరయ్యేది ఆ నీళ్లు. మిగిలిన గింజల పొట్టును మేము పిప్పి అంటాము. మత్తు పుట్టకముందే పిప్పిని బయటికి తీసేస్తారు గనుక అందులో మత్తు ఉండదు.

బ్రూవరీలు పెరిగిన కొద్దీ పిప్పి పెరిగింది. పారబోయడానికి చోటు చాలక ట్రాలీ ఆటోల్లో చిల్కూరు, కనకమామిడి, చేవెళ్ల దాకా పాడి ఉన్న ఇళ్లకు పంపుతున్నారు. మా ఇంటికి తిరుపతి అనే డ్రైవరు ఒక బ్రూవరీ నుంచి నీలం డ్రమ్ముల్లో తెచ్చి దించుతాడు. గడ్డిలో కలిపి పెడితే బర్రెలు తొట్టి నాకేదాకా వదలవు. ఒకటే లోపం. ఎండ పడితే పూటలోపే పులిసి ఘాటుగా వాసన కొడుతుంది.

ఆ బ్రూవరీలో బీరు తయారీ చూసే అబ్బాయి వినీత్. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన వాళ్లు. కంప్యూటర్ ఉద్యోగం మానేసి ఈ పనిలో దిగాడట. పిప్పి ఎవరు తింటున్నారో చూద్దామని ఒకసారి ట్రాలీలోనే మా ఇంటికి వచ్చాడు.

"ఆంటీ, మా బీరు ఎలా ఉందో జనాలు ఫోన్లో రాస్తారండీ. మీ గేదెలు కూడా రివ్యూ రాస్తే ఎంత బావుణ్ణో!"

"తొట్టి సూడు బాబూ, గదే రివ్యూ" అన్నాను.

3. దాడి గురించి. పక్క ఫాంహౌస్ వారెవరో గుడుంబా వాసన వస్తున్నదని ఫోను చేశారట. గత నెలలో ఒక శుక్రవారం ఎక్సైజ్ సిబ్బంది జీపులో వచ్చి నేరుగా కొట్టంలోకి నడిచారు. అక్కడ వారికి మూడు వస్తువులు దొరికాయి: పులిసిన పిప్పి, బెల్లం, పటిక. గుడుంబాకు పులిసిన ఊట, బెల్లం, పటిక కావాలన్నది ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. అందువల్ల వారు అనుమానపడటంలో తప్పు లేదని నేనే ఒప్పుకొంటున్నాను. అడిగి, జవాబు విని, ఆ తరువాత కూడా అనుమానపడటమే నా ఫిర్యాదు. జరిగిన మాటలు ఇవి.

"ఏందమ్మా, గీ డ్రమ్ములల్ల?"

"బర్ల దాణా సారూ. బీరు చేసేకాడి పిప్పి."

"అంటే బర్లకు బీరు తాపుతున్నవా?"

"బీరు పట్నమోళ్లు తాగుతరు. పిప్పి మా బర్లు తింటయి."

"మరి గీ బెల్లం?"

"నల్లబర్రె మొన్ననే ఈనింది. దానికి పెట్టేటందుకు."

"పటిక గూడ బర్రెకేనా?"

"కాదు సారూ. అది దిష్టికి కట్టిన. గడపకు ఏలాడుతలేదా?"

"ఎవ్వల దిష్టి తగుల్తది నీ కొట్టానికి?"

"మీ అసుంటోళ్లదే" అన్నాను.

ఈ చివరి మాట పంచనామాలో ఎక్కలేదు. ఎక్కి ఉంటే ఆ కాగితంలో నిజమైన వాక్యం ఒక్కటైనా ఉండేది.

డ్రమ్ములను కొట్టం ముందే బోర్లించి 'బెల్లం ఊట ధ్వంసం' అని రాసుకున్నారు. ధ్వంసమైన ఆ ఊటను పొద్దుగూకేదాకా మా కోళ్లు ఏరుకొని తిన్నాయి. ఏ కోడీ తూలలేదు. గుడుంబా కాయడానికి పొయ్యి, కుండ, గొట్టం కూడా కావాలి. అవి దొరకలేదు. అవి పరారీలో ఉన్నాయని రాయకపోవడం వారి దయ.

4. ధ్రువపత్రం గురించి. సరుకు ఎక్కడిదో రాయించుకొస్తే సరిపోతుందని ఎవరో చెబితే బ్రూవరీకి వెళ్లాను. లోపల అద్దాల గోడ, దాని వెనక మనిషి ఎత్తుకు మించిన ఉక్కు పీపాలు. నల్లబోర్డు మీద సుద్దముక్కతో బీర్ల పేర్లు: మామిడి బీరు, కాఫీ బీరు, జొన్న బీరు. జొన్నది ఏమిటని అడిగితే వినీత్ సంబరంగా చెప్పాడు.

"మీ చేవెళ్ల జొన్నలేనండీ! లోకల్ అంటే ఇప్పుడు జనం ఎగబడుతున్నారు."

అదే సమయానికి ఒక పనివాడు పీపా అడుగు తలుపు తెరిచి పిప్పిని పారతో లాగుతున్నాడు. ఆవిరి లేస్తున్నది. బల్లల దగ్గరి పిల్లలు లేచి వచ్చి ఫోటోలు తీసుకున్నారు. ఒకమ్మాయి "వావ్, ఎంత మంచి వాసన" అన్నది. తమరు గమనించగలరు. అదే పిప్పి, అదే వాసన. అక్కడ ఫోటో, ఇక్కడ పంచనామా. వాళ్ల గోడ మీద అద్దం కట్టిన లైసెన్సు ఉన్నది. దాని మీది ముద్రా, నా పంచనామా మీది ముద్రా ఒకే శాఖవి.

వినీత్ పత్రం రాసి ఇచ్చాడు. అయితే 'ఇది గుడుంబా కాదు' అని ఒక్క వాక్యం చేర్చమంటే నీళ్లు నమిలాడు.

"మా ఓనరు ఒప్పుకోరండీ. మా లెటర్‌హెడ్ మీద ఆ మాట కనపడితే పేరు పోతుందంటారు."

"మీ కాయితం మీద కాదు అని రాస్తెనే మీ పేరు పోతదా? మరి నా పేరు పెట్టి చేసిందని రాసిండ్రు. నాదేం కావాలె?"

అతను మంచి పిల్లవాడు. ఓనరుకు చెప్పకుండా పత్రం అడుగున పెన్నుతో 'ఇందులో ఆల్కహాలు లేదు' అని రాసి తన ఫోను నంబరు వేశాడు. ఆ పత్రం జతపరుస్తున్నాను. అతని ఉద్యోగానికి ఇబ్బంది రాకుండా చూడగలరు.

5. అసలు సంగతి. నోటీసు వచ్చిన మరునాడు తమరి కార్యాలయానికి వచ్చి గుమాస్తా గారిని బాండు చూపించమని అడిగాను. అచ్చు వేసిన కాగితం. ఖాళీలో పేరు రాస్తే చాలు. అందులో ఇలా ఉన్నది: 'నేను ఇకపై గుడుంబా తయారు చేయనని, అమ్మనని, రవాణా చేయనని ఇందుమూలముగా పూచీ ఇచ్చుచున్నాను.' రెండుసార్లు చదివాను.

"సారూ, గీ 'ఇకపై' ఎందుకున్నది?"

"ఎందుకేందమ్మా? ఇకమీద చెయ్యనని."

"మరి ఇంతకుముందు చేసినట్టే గదా?"

"గట్ల ఎవ్వలు చదవరమ్మా. సంతకం పెట్టి పోతరు."

"నేను చదివిన. గా ఒక్క మాట కొట్టేయుండ్రి, ఇప్పుడే పెడుత."

"ఫార్మెట్‌ల మాట కొట్టేసుడుండదు. అంత మంది పెట్టిండ్రు, ఎవ్వలకు రాని బాధ నీకేంది? పెట్టకపోతే లోపలేస్తరు, ఎరుకేనా?"

ఆయన నన్ను భయపెట్టాలని అన్నది కాదు. భోజనం వేళ దాటుతున్నది. అయినా ఆయన అడిగిన ప్రశ్న సరైనదే. ఎవరికీ రాని బాధ నాకేమిటి? ఆ జవాబు గుమాస్తా గారికి చెప్పలేకపోయాను. కింద రాస్తున్నాను.

6. ఈ అంశం అర్జీలో రాయదగినది అవునో కాదో తెలియదు. మా తమ్ముడు జంగయ్య గుడుంబా తాగి చనిపోయాడు. పెళ్లయిన ఏడాదికే మొదలుపెట్టాడు. చివరి రోజుల్లో కళ్లు పచ్చబడి, కడుపు ఉబ్బి, దవాఖానలో నా చేయి పట్టుకొని "అక్కా, జర ఒక్క గుక్క తెచ్చియ్యవే, కాళ్లు మొక్కుత" అన్నాడు. నేను తెచ్చివ్వలేదు. తెల్లవారి పోయాడు. ఇవ్వనందుకు నాకు పశ్చాత్తాపం లేదు. ఆ తరువాత మా సంఘం ఆడవాళ్లం రోకళ్లు పట్టుకొని గుడుంబా కుండలు పగలగొట్టాము. అప్పటి ఎక్సైజ్ వారు మా ముందు నడవలేదు, మా వెనక వచ్చారు.

'ఇకపై కాయను' అని రాస్తే, ఇంతకుముందు కాచినట్టు. కాచినదాన్నయితే, నా తమ్ముడు తాగినది కూడా నాలాంటి వాళ్లు కాచినదే అయినట్టు. అచ్చులో అది మూడక్షరాల మాటే కావచ్చు. దాని కింద నా పేరు పెట్టడానికి నా చేయి రాదు.

7. ఒత్తిళ్ల గురించి. నా భర్త మెత్తని మనిషి. "సంతకమే గదనే! పెట్టొస్తె అయిపాయె. కాయితం గా బీరువల పడుంటది, ఎవ్వలు చూడొచ్చిండ్రు?" అంటున్నాడు. నేను చూశాను గదా అన్నాను. ఆ రాత్రి అన్నం తినకుండా పడుకున్నాడు, నా మీద అలిగి కాదు, నన్ను లోపల వేస్తారన్న భయంతో. సంఘంలో పద్మమ్మ మాత్రం నవ్వించబోయి "ఒక సీసా మాకూ ఇయ్యరాదక్కా, లైసెన్సు బీరు మస్తు పిరమున్నదంట" అన్నది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ అందులో ఇద్దరు నవ్వు ఆపిన తరువాత, కేసు తేలేదాకా లెక్కలు వేరేవాళ్లు రాస్తే బాగుంటుందేమో అన్నారు. అందుకే ఇది బీరువాలో పడి ఉండే కాగితం కాదని మనవి.

కావున తమరిని కోరుకొనేది:

అ) బాండులో 'ఇకపై' అన్న మాట కొట్టివేసి, పక్కన తమరు పొట్టి సంతకం పెట్టవలెను.

ఆ) పంచనామాలో నా వృత్తిని సరిచేయమని ఎక్సైజ్ వారికి రాయవలెను.

ఇ) పై రెండూ తమ అధికారంలో లేనిచో, ఎవరి అధికారంలో ఉన్నవో రాతపూర్వకంగా తెలపవలెను. వారికి కూడా అర్జీ పెట్టుకొంటాను. నా దగ్గర కాగితాలు చాలా ఉన్నాయి.

ఈ) ఏదీ కుదరనిచో గుమాస్తా గారు చెప్పినట్టు లోపల వేయవచ్చును. నేను పారిపోయే మనిషిని కాను. పొద్దుటి పాలు నా భర్త పిండుతాడు, మాపటి పాలు పద్మమ్మ చూస్తానన్నది. ఈనిన బర్రె కొత్తవాళ్లను దగ్గరికి రానివ్వదు. దానికి మాత్రం నా పాత చీర భుజాన వేసుకొని వెళ్లమని చెప్పాను. సంఘం పుస్తకం నిన్నటిదాకా సరిచూసి పెట్టాను. సోమవారం వచ్చేటప్పుడు ఒక జత బట్టలు తెచ్చుకొంటాను. జామీనుదార్లను తీసుకురాను. చేయని తప్పు మళ్లీ చేయనని పూచీ పడమని ఎవరిని అడగను?

ఇంతవరకు రాసినది తమరు చిత్తగించవలెను. చిత్తగించిన తరువాత ఆ అచ్చు కాగితాన్ని ఇంకొకసారి నిదానంగా చదవవలెను.

ఇట్లు,
ఆ ఒక్క మాట విషయంలో తప్ప అన్నింటా తమ విధేయురాలు,
శకుంతలమ్మ

జతపరచినవి: బ్రూవరీ పత్రం, పంచనామా నకలు, నోటీసు నకలు.

తా.క.: సారూ, గింత పెద్ద అర్జీ చదివేటందుకు మీకు తీరిక ఉంటదో లేదో నాకెరుక లేదు. అచ్చు భాషల చెప్పొస్తె తిప్పలయితున్నది. అందుకే ఇంట్ల మాట్లాడినట్టు రాస్తున్న. బాండు కిందికి ఇది పనికొస్తె కత్తిరించుకొని అతికేసుకోండ్రి. నేను గుడుంబా కాయలే. కాయ. సంతకం దీని కింద ఇప్పుడే పెడుతున్న, సోమవారం దాక ఆగ.

శకుంతలమ్మ