పసుపు చీరకు స్ప్రే కొట్టను

డోరతీ మేడమ్,

మీరు పోయి నేటికి ఏడాది. ఇవాళ అల్ ఖూజ్‌లో మా ఫ్రేముల షాపుకి మీ బొమ్మ వచ్చింది. రంగు సుద్దలతో మీరు గీసిన పసుపు చీర మనిషి. కొన్న హోటలువాళ్లు, పొడి రాలకుండా స్ప్రే కొట్టి ఫ్రేము కట్టమన్నారు.

మీ దగ్గర పనిచేసే రోజుల్లో, మీరు దీన్ని మొదటిసారి గీసినప్పుడు తెలియక నేనే స్ప్రే కొట్టాను. చీర బురదరంగుకు తిరిగింది. మీరు తిట్టలేదు, మళ్లీ మొదటినుంచీ గీశారు. ఇది ఆ రెండో బొమ్మే.

కొట్టనన్నాను. మా ముదీర్, అదే మేనేజరు, నెల్లూరాయన, అరిచాడు.

“ఏంది మస్తానూ, ఎవురికీ తెలియని ఆమె బొమ్మకి ఇంత రచ్చా? స్ప్రే కొట్టు, ఖలాస్! లేదంటే రేపట్నుంచి రాబాకు.”

“నాకు తెలుసు గదన్నా. నేను కొట్టను, ఇంకోళ్లని కొట్టనియ్యను.”

స్ప్రే డబ్బా చెత్తబుట్టలో పడేశాను. మీరు నేర్పినట్టే బొమ్మకు అద్దం తగలకుండా చుట్టూ పట్టీ పెట్టి ఫ్రేము బిగించాను. వెనక అట్ట మీద మీ పేరు పెద్దగా రాశాను.

బిగిస్తుంటే కాస్త పొడి నా వేళ్లకంటింది. ఈ కాగితం అంచున మరక అదే. రాలితే రాలనీ మేడమ్, చీర ఇంకా పసుపుగానే ఉంది.