పావని ఊరేగింపుకు బయలుదేరిన రోజు

తమ్ముడూ,

అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గిందా? నాయన దగ్గు ఎట్లా ఉంది? మీ బావ అక్కడికి వచ్చాకైనా బీడీలు మానాడా? ముగ్గురూ నీ దగ్గరికే చేరారు కాబట్టి నిన్నే అడుగుతున్నాను.

ఇక్కడ మళ్లీ తెలంగాణ గొడవ మొదలైంది. నిన్న నా కొడుకు బిడ్డ పావని ఉప్పల్‌లో ఊరేగింపుకు బయలుదేరింది. దానికీ పంతొమ్మిదే. నువ్వు ఆనాడు ఊరేగింపులో తూటా తగిలి పడిపోయిన వయసు. అది చదివే మాయరాజ్యం కథల్లో కాలం గానుగలా తిరిగి, పాత యుద్ధమే మళ్లీ వస్తుందట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కునుకు లేదు.

"గది ఉత్త కథ నానమ్మా. మన కాలం రైలు లెక్క ముంగటికే పోతది" అంది పావని.

"నాచారం రైలు రోజూ మళ్లొస్తలేదానే?" అన్నాను.

నవ్వి చెప్పులు వేసుకుంది. దాన్ని ఆపాలని దొంగ తుమ్ము తుమ్మాను. తుమ్ము వినబడితే కూర్చుని నీళ్లు తాగి పోవాలి కదా. ఆనాడు నేను నిజంగానే తుమ్మాను. నువ్వు "పోవే అక్కా" అని ఆగకుండా వెళ్లావు.

పావని ఆగింది. "దొంగ తుమ్మని నాకెరుకే ముసల్దానా" అంటూ కూర్చుని చెంబెడు నీళ్లు తాగింది. తాగి, వెళ్లిపోయింది.

పొద్దుగూకేదాకా వాకిట్లోనే నిలబడ్డాను. నినాదాలకు గొంతు బొంగురుపోయి పావని ఇంటికొచ్చింది.

"చిన్న తాత పడ్డ జాగ నాకు సూపెడ్తవా?" అని అడిగింది.

ఇన్నేళ్లలో నేను ఆ వీధి తొక్కలేదు. వచ్చే ఆదివారం, ఎండ ముదరకముందే, ఇద్దరం అక్కడికి వస్తున్నాం.