పదికి మూడు

మీ అక్కకు తమ్ముడివైన కారణంగా చిరంజీవి అని సంబోధించక తప్పని నీకు,

ఈ దినం మీ అక్క కాలు విరిగిన నలభయ్యవ దినం. ఏ కార్యం తలపెట్టినా ముందుగా కాలాన్ని, కారణాన్ని, కర్తను స్మరించడం పెద్దల మర్యాద. కాలం చెప్పాను. కారణం, మొక్కల తొట్లు నింపుకొని ఎత్తు రోడ్డు సగానికి వచ్చేసరికి ప్రాణం విడిచిన మా పికప్ బండి. కర్తవు నువ్వు. చక్రం కింద రాయి పెడదామని మీ అక్క దిగింది, కాలుజారి పక్క కాలువలో పడింది. నేను బండిలోనే కూర్చుని ఆ శబ్దం విన్నాను. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు భాష చెప్పినవాణ్ణి. ఆ శబ్దానికి ఈనాటికీ నా దగ్గర మాట లేదు.

నువ్వు బండిని సర్వీసు చేసి తెచ్చి మా గుమ్మం ముందు నిలిపిన పదకొండో రోజున ఇది జరిగింది. పెట్రోలు ఫిల్టరు మూసుకుపోయిందని దారిన పోయే లారీ డ్రైవరు ఒక్క చూపులో చెప్పాడు. నీకు మాత్రం కనబడలేదు. ఆస్పత్రి వరండాలో నీవన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: “బావా, మార్చాలని చీటీ రాసి స్టీరింగుకి అంటించా కదా!” నేనన్నది కూడా గుర్తుంది: “నీకు రాయడం ఎప్పుడొచ్చిందిరా?” అక్కడున్న నర్సు నవ్వింది. నువ్వు తల దించుకున్నావు. దోషం ఉన్నవాడే తల దించుకుంటాడు.

సోమవారం మీ గ్యారేజీల సంఘం నా ఫిర్యాదును విచారిస్తుంది. తప్పు రుజువైతే నీ షాపు బోర్డు దింపిస్తామని అధ్యక్షుడు నాకు మాట ఇచ్చాడు. ఆ పాత ఫిల్టరే నా సాక్ష్యం. దాన్ని విప్పడానికి మరో మెకానిక్కును పిలవను. మీరంతా ఒక్క తాను ముక్కలు, వస్తువు మార్చేయగలరు. ఆదివారం నా ఇంటి ముందు, నా చేతులతో నేనే విప్పుతాను. ఆపగలిగితే ఆపు.

నీ బావను కాను,
మీ అక్క భర్తను.

★

బావగారికి,

నమస్కారం రాయలేదు. మర్చిపోయి కాదు.

మా షాపులో పనిచేసే, చదువుకున్న అమ్మాయి చేత తప్పులు దిద్దించి పంపుతున్నా. మీకు ఎర్ర సిరా ఖర్చు ఉండదు.

మీరు విప్పుతానంటే ఆపను. కానీ పద్యం విప్పినట్టు విప్పితే తగలబడిపోతారు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు మొదలెట్టండి. ముందు పెట్రోలు లాగే పంపు ఫ్యూజు పీకండి. అప్పుడు ఇంజను స్టార్ట్ చేసి, దానంతటది ఆగిపోయేదాకా వదిలేయండి. అలా చేస్తేనే పైపులో ప్రెషర్ పోతుంది. తర్వాత బ్యాటరీ వైరు తీయండి. షెడ్డులో వద్దు, ఆరుబయట చేయండి. దీపాలూ అగరొత్తులూ ఏవీ దగ్గర పెట్టకండి. కళ్లజోడు తీయకండి. కింద బేసిన్ పెట్టుకోండి. ఫిల్టరు మీద బాణం గుర్తుంటుంది. అది ఇంజను వైపు చూడాలి. తిరగేసి బిగించారంటే బండి మళ్లీ మొరాయిస్తుంది, మళ్లీ నామీదే కేసు పెడతారు.

కొత్త ఫిల్టరు పార్సిల్లో పెట్టా. అప్పుడు ఊరంతా వెతికినా దొరకనిది ఇదే.

ఇదంతా మీమీద ప్రేమతో కాదు. నిప్పంటుకుంటే మా అక్క ఇప్పుడు పరిగెత్తలేదు.

చీటీ మాత్రం అంటించా. చూడలేదని అక్క అంటోంది. అక్క అబద్ధం చెప్పదు. మీరూ చెప్పరు, అది ఒప్పుకుంటా. మరి దాన్ని గాలి తినేసిందా? సోమవారం మీ ముందే అడుగుతా.

స్పానర్
(మీరు పెట్టిన పేరే. ఇప్పుడు ఊరంతా అలాగే పిలుస్తున్నారు.)

★

చిరంజీవి బావమరిదికి,

ఈసారి ఆ మాట కారణం వెతకకుండా రాశాను.

ఉదయం బండిని నీడన నిలిపించి పని ఆరంభించాను. మీ అక్క ఊతకర్ర ఒళ్లో పెట్టుకుని వరండాలో కుర్చీ వేయించుకుంది. నేనొక ఫ్యూజు పీకి విజయగర్వంతో ఎత్తి చూపాను.

“అది హారనుది,” అంది.

“నీకెలా తెలుసు?”

“పన్నెండేళ్లుగా ఆ బండి నేనే నడుపుతున్నానండీ. మీరు పక్కన కూర్చుని నా గేర్లకు గణాలు లెక్కపెడుతున్నారు.”

గోనెపట్టా పరుచుకుని బండి కిందికి దూరాను. క్లిప్పు ఊడిరాక మొండికేసింది. నిన్ను తిట్టాను. ఊడి వచ్చాక పెట్రోలు మోచేతి మీదుగా చంకలోకి కారింది. మళ్లీ నిన్నే తిట్టాను. ఆ పాత ఫిల్టరును తెల్ల బేసిన్‌లోకి వంచితే కషాయంలాంటి ముదురు మడ్డి, దానిలో తుప్పు రజను. “దొరికాడు నీ తమ్ముడు!” అని అక్కడినుంచే కేక వేశాను.

“వాణ్ణి తర్వాత ఉరి తీద్దురుగాని, ముందు బాణం ఎటుందో చూసుకోండి,” అంది.

నీ ఉత్తరంలోని మాట ప్రమాణంగా తీసుకోవడానికి మనసొప్పలేదు. అచ్చులో ఉన్నది చూద్దామని డాష్‌బోర్డు అరలోంచి బండి తాలూకు పుస్తకం తీశాను. తెరవగానే మడిచిన కాగితం ఒకటి ఒళ్లో పడింది. దాని కొసలకు టేపు ముక్కలు ఇంకా అంటుకునే ఉన్నాయి. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

“అక్కా, ఫిల్టర్ దొరకలెదు. వచ్చె వారం మార్చలి. ఆలశ్యం చెయ్యొద్దు. అప్పటి దాక లోడు వెయ్యొద్దు. ఎత్తు మీద ఆగిపొతుంది.”

ప్రతి తప్పు చుట్టూ ఎర్ర సున్నా. అడుగున నా దస్తూరిలో, గీత గీసి మరీ: “పదికి మూడు. దీర్ఘాల పట్ల శ్రద్ధ అవసరం.”

అప్పుడు గుర్తొచ్చింది. నువ్వు బండి నిలిపి వెళ్లిన ఆ పొద్దున నడకనుంచి తిరిగి వస్తూ బండి అద్దంలోంచి ఈ చీటీ చూశాను. వీధిలో పోయే నా పాత విద్యార్థులెవరైనా చదివితే నా ఇంటి పరువేం కావాలని పీకేశాను. సీట్లో కూర్చుని దిద్దాను. నవ్వుకున్నాను కూడా. పుస్తకంలో దాచి మరిచిపోయాను. పాలవాడి చీటీ అయినా, కరెంటు బిల్లయినా దిద్దనిదే నా చేయి ఊరుకోదు. ఏనాడూ ఏ చీటీ నాకు గుర్తుండలేదు.

ఆ కాగితం మళ్లీ పుస్తకంలో పెట్టేయాలన్న ఆలోచన నాకు రాలేదని రాస్తే అది అబద్ధమవుతుంది. వచ్చింది. పెట్రోలు ఓడుతున్న నా చేతివేళ్ల మధ్య అది తడిసి, ఎర్ర సిరా అలుక్కుపోసాగింది. ఇంకో నిమిషం పట్టుకుంటే చాలు, ఏ అక్షరమూ మిగలదు. ఆ నిమిషం గడవకముందే లేచి వెళ్లి మీ అక్క చేతిలో పెట్టాను.

ఆమె చదివింది. మళ్లీ చదివింది. నేనే ముందు నోరు విప్పాను: “చదివాను. కానీ...”

“చదవలేదండీ. దిద్దారు.”

తిట్టి ఉంటే జవాబు చెప్పేవాణ్ణి. ఆమె కర్రతో బండి వైపు చూపింది. వెళ్లి కొత్త ఫిల్టరు బిగించాను. బాణం ఇంజను వైపే చూస్తోంది. నీ మాటా పుస్తకం మాటా ఒక్కటే. ఫ్యూజూ బ్యాటరీ వైరూ మళ్లీ పెట్టి, పైపులోకి పెట్రోలు చేరేలా తాళంచెవి నాలుగుసార్లు తిప్పి ఆగి, ఐదోసారి స్టార్ట్ చేశాను. పైపు కీళ్లు ఎక్కడా కారలేదు. బండి గొంతు శుభ్రంగా ఉంది.

రేపు సంఘం ముందుకు ఫిల్టరు తేను. ఈ చీటీ తెస్తాను. నీ తప్పులతో సహా, నా మార్కులతో సహా నేనే బిగ్గరగా చదువుతాను. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను. ఆస్పత్రి వరండాలో నీ చదువును ఎగతాళి చేసింది నలుగురిలో. కనుక ఇదీ నలుగురిలోనే జరగాలి. నువ్వు తల దించుకోవడాన్ని దోషానికి రుజువుగా పట్టుకున్నాను. అది అవమానమని గుర్తించలేకపోయాను.

ఒక్క మనవి. సభలో నన్ను క్షమించానని అనకు. నీ నోట ఆ మాట వినే ఓర్పు ఈ వయసులో నాకు లేదు. నువ్వంటే నాకు హఠాత్తుగా ప్రేమ పుట్టిందని కూడా అనుకోకు. మీ అక్కను చూడడానికి ఎప్పుడైనా రా. తలుపు నేను తీయకపోవచ్చు, గడియ మాత్రం వేసి ఉండదు. స్పానర్ అనే పేరు ఇకమీదట నా నోట వినబడదు. ఊరి నోరు ఎలా మూయించాలో నాకు తెలియదు.

ఈ సంగతి తెలుసుకోవడంలో నలభై రోజులకు పైగా ఆలశ్యం చేశాను. ఆ మాట నీవు రాసినట్టే రాశాను. దిద్దలేదు.

మన తర్వాత ఆ బండి నడిపేవారికి ఎత్తులు సుగమమగు గాక. పైపుల్లో మడ్డి చేరకముందే వారికి తెలియు గాక. చీటీ రాసేవారి చేయి అక్షరదోషానికి జంకి ఆగకుండు గాక. చదివేవారు ముందు మాట విందురు గాక, ఆ పైన తీరిక ఉంటేనే ఎర్ర కలం తీతురు గాక.

ఇట్లు,
నీ బావ.