ముప్పయ్యో అడ్రస్

మార్చి 3, సోమవారం

ఇవాళ మళ్ళీ అదే జరిగింది. మా సెక్షన్ సార్ బోర్డు మీద నెట్‌వర్క్ సైజు స్లాష్ ఇరవై ఆరు అని రాసి, ఇందులో హోస్టులు, అంటే మెషీన్లు, ఎన్ని పడతాయని అడిగారు. నేను పెన్ను మూత తీసేలోపే నా తోడికోడలు అరవై రెండు అనేసింది. సార్ మురిసిపోయి, ఈ వేగం ఎవరు నేర్పారమ్మా అన్నారు.

"ఇంకెవరు సార్, మా అక్కే" అంది.

అదే నాకు ఒళ్ళు మండించింది. పొగరుగా ఏదన్నా వాగి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

ఈ హాస్పిటల్ కంప్యూటర్ సెక్షన్‌లో నాది ఏడేళ్ళ సర్వీసు. మా మరిదిని చేసుకుని తను ఇంటికొచ్చాక, ఖాళీగా ఉంటే పిచ్చెక్కుతోందక్కా అంటే, సార్‌తో మాట్లాడి ఉద్యోగం ఇప్పించింది నేను. వంటింట్లో కూర్చోబెట్టి సబ్‌నెట్ నేర్పిందీ నేనే. నెట్‌వర్క్ ఒక పెద్ద వీధి అనుకో, దాన్ని సందులుగా విడగొడతాం, ఒక్కో మెషీనూ ఒక్కో ఇల్లు అని చెప్పాను. ప్రతి సందులోనూ మొదటి నంబరు సందు పేరుకే పోతుంది. చివరిది సందులో అందర్నీ ఒక్కసారే కేకేయడానికి పోతుంది. అందుకే ఎప్పుడూ రెండు తీసేయాలి. స్లాష్ పక్క అంకె ఒకటి తగ్గితే సందు రెట్టింపవుతుంది, ఇరవై ఏడైతే ముప్పై రెండు నంబర్లు, ఇరవై ఆరైతే అరవై నాలుగు.

ఇవాళ ఆ వీధి, ఆ సందులు సార్‌కి చెప్పింది. ఎంత బాగా చెప్పావమ్మా అన్నారంతా. ఏకు మేకవడమంటే ఏమిటో ఇవాళ తెలిసింది.

మార్చి 6

మీ చెల్లెలు చురుకైనదే సుమా అని మా ఆయన కూడా అన్నారు. కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. అత్తయ్య మొహం చిట్లించింది. తను మాత్రం గటగటా నీళ్ళు తాగి, బాగుందక్కా అంది.

మార్చి 11

కొత్త బ్లాక్ వచ్చే వారం తెరుస్తారు. ఏ వార్డుకి ఎన్ని అడ్రస్‌లు, అంటే ఆ ఇంటి నంబర్లు, ఇవ్వాలో ప్లాన్ వేయాలి. నాకే ఇస్తారని నిన్నటినుంచీ మనసులో లెక్కలు వేసుకుంటున్నాను. తనకిచ్చారు.

నాకు కేబుళ్ళు. మీకు అనుభవం ఉంది కదమ్మా, ఆ పని మీరైతేనే నమ్మకం అన్నారు సార్. ఎంత మర్యాదగా పక్కన పెట్టారో! రోజంతా నిచ్చెన ఎక్కీ దిగీ మోకాళ్ళు పట్టేశాయి. తను కింద నిలబడి నిచ్చెన పట్టుకుంటానంది. అక్కర్లేదన్నాను.

మార్చి 14, మధ్యాహ్నం

ప్లాన్ అందరి చేతికీ ఇచ్చారు. చూడగానే కనిపించింది.

వార్డులో మెషీన్లు ముప్పై. మంచాల దగ్గరి మానిటర్లు, నర్సుల కంప్యూటర్లు, ఫోన్లు, ప్రింటర్ అన్నీ కలిపి. తను స్లాష్ ఇరవై ఏడు ఇచ్చింది. అంటే ముప్పై రెండు. రెండు తీసేస్తే సరిగ్గా ముప్పై. చూడ్డానికి ముచ్చటగా ఉంది.

కానీ గేట్‌వే? సందులోంచి బయటికి పోవాలంటే గుమ్మంలో రౌటర్ కూర్చోవాలి. దానికీ ఒక నంబరు కావాలి. మిగిలేది ఇరవై తొమ్మిది. ఒక మెషీన్ వీధిన పడుతుంది.

ఎవరికైనా ఏమైనా చెప్పాలని ఉందా అని సార్ అడిగారు. నేను కుక్కిన పేనులా కూర్చున్నాను.

మార్చి 16

తప్పు చేసింది తను. నేనేం చేశాను? ఏమీ చేయలేదు. నడిచేటప్పుడు బయటపడుతుంది. మిగిలిపోయేది ఆ ప్రింటరే అయ్యుంటుంది. అయితే మాత్రం కొంపలంటుకుంటాయా?

మార్చి 17, ఉదయం

టీ పట్టుకుని నా గదిలోకి వచ్చింది. అక్కా, నా ప్లాన్ నిదానంగా చూశావా, నువ్వు సరేనంటే నాకు ధైర్యం అంది. దిండు గలీబు తొడుగుతూ, తలెత్తకుండా చెప్పాను. చూశాను, బాగుంది అని.

టీ చాలా బాగుంది. అది కూడా నాకు నచ్చలేదు.

మార్చి 19

వార్డులో ఇంకా రోగులు లేరు. ఉత్త మంచాలతో ట్రయల్. ఒక్కొక్కటే ఆన్ చేసుకుంటూ పోయారు. నర్సుల టేబుల్ దగ్గరి పెద్ద స్క్రీన్ మీద మంచాలన్నీ వరసగా వెలిగాయి. చివరిది వెలగలేదు. ప్రింటర్ కాదు, మంచం మానిటర్. కిటికీ పక్క మంచం ఏమైందండీ అని హెడ్ నర్సు గట్టిగా అడిగింది. అక్కడ మనిషి పడుకుని ఉంటే, గుండె ఆగినా నాకిక్కడ తెలీదు కదా అంది.



సార్ నా వైపు తిరిగారు. కేబుల్ సరిగ్గా గుచ్చలేదేమో చూడండమ్మా అన్నారు. అందరూ నన్నే చూశారు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

తను అడ్డం వచ్చింది. "అక్క వేసిన కేబుల్‌కి వంక పెట్టలేం సార్. తప్పు నాదే అయ్యుంటుంది" అని అక్కడే నేల మీద కూర్చుని వేళ్ళు మడుస్తూ లెక్క పెట్టింది. తర్వాత లేచి, అందరి ముందూ చెప్పింది. గేట్‌వేని లెక్కలో వేసుకోలేదు సార్, క్షమించండి అని. ఇరవై ఏడుని ఇరవై ఆరు చేసింది. కిటికీ పక్క మంచం వెలిగింది.

ఇంటికెళ్తూ బస్సులో అడిగింది. నువ్వు చూశానన్నావు కదక్కా, నీకూ కనపడలేదా అని.

అవునంటే తెలివితక్కువదాన్ని. కాదంటే పాపిష్టిదాన్ని. కనపడలేదన్నాను.

చెయ్యి పట్టుకుంది. పోనీలే అక్కా, ఇద్దరం కలిసి మొదటినుంచీ మళ్ళీ చదువుకుందాం అంది.

మార్చి 20

ఇంట్లో అందరికీ చెబుతోంది. ఆఫీసులోనూ చెప్పింది. అక్కకే కనపడలేదు, నాకేం కనపడుతుంది అని. నన్ను వెనకేసుకొస్తున్నానని తన ఉద్దేశం. వయసు పెరిగితే అందరికీ అంతే అని సార్ నవ్వారట. అత్తయ్య ఓదార్పుగా నా వీపు నిమిరింది.

పాపిష్టిదాన్నన్నా అయ్యుండాల్సింది.

మార్చి 21

చెప్పేశాను. పశ్చాత్తాపంతో కాదు, అబద్ధం ఎందుకు? ఆ జాలి భరించలేక.

డాబా మీద బట్టలు తీస్తున్నాం. దుప్పటి చెరో కొసా పట్టుకుని మడతపెడుతుంటే అన్నాను. నాకు కనపడింది, ఆ రోజే అని.

తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. దుప్పటి వదలకుండా ఒక్క మాట అడిగింది.

"ఎంతసేపట్లో కనపడింది?"

"చూడగానే" అన్నాను.

"నేను మూడుసార్లు సరిచూసుకున్నాను" అంది. అంతే. కానీ నన్ను చూసిన చూపుంది చూడు, ఆ చూపు నాకు బాగా తెలుసు. ఇన్నాళ్ళూ అద్దంలో చూస్తున్నది అదే.

నా మనసు హాయిగా ఉంది. అంత హాయిగా ఉన్నందుకు భయం వేసింది.

మార్చి 24

ల్యాబ్ నెట్‌వర్క్ ప్లాన్ ఇద్దర్నీ వేయమన్నారు, విడివిడిగా. పక్కపక్కనే కూర్చున్నాం. తను ఎడమచెయ్యి కాగితానికి అడ్డం పెట్టుకుని రాసింది. నేనూ పెట్టుకున్నాను.