నీ కోటు ఇక్కడే ఉండిపోయింది

ఫిబ్రవరి 11, మంగళవారం, మధ్యాహ్నం దాటాక
మెడిసిన్ బో దాటి లారమీ వెళ్ళే రోడ్డు పక్కన, వయోమింగ్

చిరంజీవి డెలేనీకి,

నాయనమ్మ ఆర్డిస్ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను అని రాయాలి. కానీ అది నాకింకా తెలియదు కాబట్టి ఆ ముక్కని ప్రస్తుతానికి ఖాళీగా వదిలేస్తున్నాను. నువ్వొచ్చాక పూరిద్దాం.

నువ్వు వెళ్ళి గంట కూడా కాలేదు, అప్పుడే ఉత్తరమేమిటంటావు. ఇక్కడ ఫోను పలకదు. ఈ గుర్రం టాన్సీతో మాట్లాడదామంటే, అది నాలుగు కాళ్ళూ బాగున్న రోజుల్లోనే నా మాట వినలేదు. అక్షరాలు వంకరపోతే చలి అనుకో. నా గురించి దిగులు వద్దు, గుర్రపు ట్రైలర్ ముందు గదిలో జీనుల మధ్య, గ్యాస్ హీటరు పక్కనే మహారాణిలా కూర్చున్నాను.

ఈ కాగితం నా చేతి మీదుగా కాక ఇంకెవరి చేతి మీదుగానో నీకు అందితే, దీన్ని తిన్నగా మీ నాన్నకి చూపించు. ఒరే రాయ్‌స్, ట్రైలర్ని విప్పి నన్నూ గుర్రాన్నీ ఇక్కడ వదిలి వెళ్ళమన్నది నేనే. పిల్ల ఏడ్చింది, కాళ్ళు నేలకేసి కొట్టింది, నేనే తోలేశాను. దాని మీద ఒక్క కేక వేశావో, దయ్యమై వచ్చి నీ డీజిల్ బండి హారను నొక్కుతాను.

అసలు మీ నాన్న నిన్న అన్న మాటలే నా చెవిలో గింగురుమంటున్నాయి. టాన్సీ ముళ్ళకంచెలో కాలిరికించుకుని కీలు కనపడేదాకా కోసుకుంటే, కీలులో చీము పట్టకముందే కాలరాడో గుర్రాల ఆసుపత్రిలో ఆపరేషను కావాలని డాక్టరు ఫోనులో చెప్పాడా, వీడు దాని బాధ ఒక్క గుండుతో తీర్చేద్దామని తిన్నగా వెళ్ళి గోడ మీది తుపాకీ దించాడు. ముసలిదాన్ని కాలరాడో దాకా మోసుకెళ్ళి ఏం చేస్తావే అన్నాడు. నేను గదిలోకి రాగానే, నిన్ను కాదమ్మా, గుర్రాన్ని అన్నాడు. నీ కరెంటు పికప్పు బండికేసి చూసి, దీంతో పాలపాకెట్లు తెచ్చుకో, గుర్రాన్ని కాదు అన్నాడు. నువ్వు డీజిల్ బండి తాళాలు అడగలేదు, వాడు ఇవ్వలేదు. తండ్రీకూతుళ్ళిద్దరిదీ ఒకే మొండి మెడ, అది మీ తాతది.

నిజం చెప్పొద్దూ, కొండలెక్కేటప్పుడు నాకు ముచ్చటేసింది. వెనక ట్రైలర్, అందులో గుర్రం, అయినా నీ బండి చడీచప్పుడూ లేకుండా డీజిళ్ళని దాటేసింది. బల్లపరుపు నేల మీదకొచ్చి ఎదురుగాలి మొదలయ్యాక కదా దాని గుట్టు బయటపడింది! దీనికి బలం ఉంది, దమ్ము లేదు. బరువు దీన్ని ఏమీ చెయ్యలేదు. తినేస్తున్నదల్లా గాలే. ఇంత పెద్ద డబ్బాని వెనకేసుకుని గాలికి ఎదురు లాగుతుంటే, బండి తెర మీద చార్జికి మిగిలిన మైళ్ళు కళ్ళముందే ఇంకిపోయాయి. లారమీ ఇంకా నలభై మైళ్ళుందంటే, తెర ఇరవై రెండే అంది. ట్రైలర్ విప్పి చూస్తే నలభై ఆరు అంది. ఇక ఆలోచించడానికేముంది? నువ్వు ఒంటి బండితో వెళ్ళి చార్జింగ్ పెట్టుకుని రావాలి, దెబ్బ తగిలిన గుర్రం దగ్గర ఒకరు ఉండాలి. అది గాభరాపడి ట్రైలర్లో కూలబడితే ఆ కాలు ఇక పనికిరాదు.

నువ్వు వెళ్ళిన కాసేపటికి లారమీ వైపు నుంచి వచ్చిన గొర్రెల లారీ ఒకటి ఆగింది. డ్రైవరు దిగి, ట్రైలర్ ముందు ఖాళీగా ఉన్న కొక్కేన్ని చూసి, ఏం బామ్మా, బండిని ఎక్కడైనా మర్చిపోయి వచ్చావా అన్నాడు. మేతకి వెళ్ళింది, వస్తుంది అన్నాను. కరెంటుదా అని పగలబడి నవ్వాడు. నవ్వు అయ్యాక మొహం మారింది. లారమీ దగ్గర రోడ్డు మూసే గేటు దించేస్తున్నారట, మంచు అడ్డంగా కొడుతోందట, ఇక అటువైపు నుంచి ఎవరినీ రానివ్వరట. నాతో మెడిసిన్ బో వచ్చెయ్, గొర్రెలు ఏమీ అనుకోవులే అన్నాడు. గుర్రం అనుకుంటుంది నాయనా అన్నాను. తన కాఫీ ఫ్లాస్కు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. కాఫీ చేదువిషం. చుక్క మిగల్చకుండా తాగాను.

దారిలో నీలం పికప్పు ఏదైనా కనిపించిందా అని అడగలేదు. కనిపించలేదంటాడేమోనని. అంతకన్నా, గుంటలో పడి కనిపించిందంటాడేమోనని.

సాయంత్రం. వెలుగు తగ్గుతోంది.

టాన్సీకి ఇంకో దుప్పటి కప్పుదామని వెతుకుతుంటే జీను కింద మడతపెట్టి ఉన్న నీ కోటు కనపడింది.

డెలేనీ, వెళ్ళేటప్పుడు ఏమన్నావు? బండిలో హీటరు పెట్టుకుంటే చెమటలు పడతాయి నాయనమ్మా, నీ సంగతి చూసుకో అన్నావు. నీకు బడిలో ఫిజిక్సు చెప్పింది నేనే. నలభై ఆరు మైళ్ళ కరెంటు, నలభై మైళ్ళ దారి, ఈ గాలి. హీటరు పెడితే లారమీ చేరవు. ఆ సంగతి నీకూ తెలుసు. తెలిసే హీటరు ఆపుకుని, ఒంటి మీద చొక్కాతో వెళ్ళావు. బండి జారి గుంటలో దిగితే? గేటు అవతలే ఆగిపోతే? ఆ అద్దాల పెట్టెలో చొక్కాతో ఎంతసేపు ఉండగలవు? ఈ లెక్కని నేను అటునుంచీ ఇటునుంచీ చేసి చూశాను. ఇన్నేళ్ళూ పిల్లలు లెక్క తప్పితే చెవులు మెలిపెట్టాను. ఇవాళ ఈ ఒక్కటీ నేను తప్పాలని మొక్కుకుంటున్నాను.

గాలి ట్రైలర్ని భుజంతో తోసినట్టు తోస్తోంది. చక్రాల కింద ఇంకో రెండు రాళ్ళు పెట్టి వచ్చాను. గాలి ఊపినప్పుడల్లా టాన్సీ చెవులు వెనక్కి పెడుతోంది. నావి కూడా అలా వెనక్కి వెళ్తే బాగుండును, ఈ గాలి ఈల వినలేకపోతున్నాను. రోడ్డు కనపడటం లేదు. రోడ్డుకి గుర్తుగా పాతిన కర్రలు కూడా కనపడటం లేదు.

లారమీ వైపు నుంచి ఏదో పసుపు దీపం తిరుగుతూ వస్తోంది. మంచు తోసే బండి అయ్యుంటుంది. దాని వెనక ఇంకేమైనా ఉందో లేదో ఇక్కణ్ణుంచి తెలియటం లేదు. కాగితం మడిచేస్తున్నాను, ఇక రాయడం నా వల్ల కాదు.

దీవెనలతో, నీ మీద పట్టరాని కోపంతో,
నీ నాయనమ్మ
ఆర్డిస్

తా.క. బుధవారం ఉదయం, కాలరాడో, గుర్రాల ఆసుపత్రి వరండా.

పైన వదిలేసిన ఖాళీని పూరించాను: నువ్వు క్షేమం. ఎదురుగా బెంచీ మీద నీ కోటూ నా కోటూ కప్పుకుని గురక పెడుతున్నావు. మంచు తోసే బండి తోక పట్టుకుని వచ్చావు, మళ్ళీ దాని తోకే పట్టుకుని మమ్మల్ని లాక్కొచ్చావు. గేటు దగ్గర ఆ బండి డ్రైవరుని ఏమని బతిమాలావో లేచాక చెప్పు. ట్రైలర్ దగ్గర దిగినప్పుడు నీ పెదాలు నీ పికప్పు రంగులో ఉన్నాయి. టాన్సీ కీలు కడిగి కుట్లేశారు. నడుస్తుందట, పరుగు సంగతి దాన్నే అడగాలట. మీ నాన్న ఫోను చేశాడు. గుర్రం గురించి అడగలేదు. నువ్వేమైనా తిన్నావా అని అడిగాడు.

ఇక నిజం. హీటరు పక్కన కూర్చున్నానని రాసింది అబద్ధం. నేను దక్కకపోయినా, చలికి పోలేదని నువ్వనుకోవాలని అలా రాశాను. ఆ హీటరు సిలిండరు ఖాళీ. వెళ్ళేముందు నువ్వు దాన్ని ఎత్తి చూసి, మెల్లిగా కింద పెట్టడం నా కంట పడింది. నేను చూశానని నీకు తెలియదు. నా కోసమే చొక్కాతో బయల్దేరావని ఆ కోటు దొరికాక గాని అర్థం కాలేదు. తొడుక్కున్నాను, తిట్టుకుంటూనే.

నిన్న మధ్యాహ్నం నుంచీ నేనున్నది టాన్సీ అరలో. దాని దుప్పటి కిందకి దూరి, పొట్టకి ఆనుకుని నిలబడ్డాను. మూడు కాళ్ళ మీద అది, మోకాళ్ళ నొప్పులతో నేను. కాగితం దాని వీపు మీద పెట్టుకుని రాశాను.

అక్షరాలు వంకరపోయింది చలికి కాదే పిల్లా. నా బల్ల ఊపిరి పీలుస్తోంది మరి.