అమ్మ కొన్న చౌక దీపం

2009 జూన్ 8, సోమవారం
ఇయ్యాల నావి పదకొండు సోలార్ ప్లేట్లు. పక్క బల్ల మీద యాదమ్మక్కవి పదమూడు. ఆమె చెయ్యి ఎప్పుడూ ముందే. మూడేండ్ల కింద నాకు సోల్డరింగ్, గదే సీసం కరిగిచ్చి అతుకు పెట్టుడు, నేర్పింది ఆమెనే... నా వేళ్లు పట్టుకొని. వనపర్తిల ఈ చిన్న షెడ్డు, నలుగురం ఆడోళ్లం. మేం ప్లేట్లు చేసి లాంతర్లకు కలుపుతం, షెడ్డు నడిపే సార్ ఊర్లల్ల అమ్ముతడు.

జూన్ 11
సార్ ఒక అట్టపెట్టె తెచ్చిండు. చైనా ప్లేట్లు. ప్లేటుల అతికే ఉత్త సెల్లులకు మనం పెట్టే ధరకే తయారైన ప్లేటు వస్తున్నదంట. గట్లెట్ల అని అడిగిన. ఆడ లక్షలల్ల చేస్తరు, బయటి దేశాలు కొనుడు తగ్గిచ్చినయి, మిగిలిన సరుకు ఇటు పంపుతున్నరు అన్నడు. అక్క ప్లేటును ఎండల పెట్టి మీటరుతోని చూసింది. మనదానికన్న ఏం తక్కువ లేదు. మల్ల పెట్టెల పెట్టింది.

జూన్ 12
ఒక్క లాంతరు గూడ అమ్ముడు పోలే.

జూన్ 14, ఆదివారం
చర్చి అయినంక పాన్‌గల్ పోయిన, అమ్మను చూద్దామని. ఇంట్ల వాసానికి సోలార్ దీపం. చైనాది. కూలి పైసలతోని అంగట్ల కొన్నదంట. నేను తెచ్చిస్తనంటే ఎన్నడూ వద్దనేది, అమ్ముకునేది నాకెందుకని. నా మొఖం చూసి బుగులు పడ్డది.
"నీది మంచిదే బిడ్డ. నాసోంటోళ్లకు అందదు. ఇది అందింది."
పొద్దుగూకినంక గూడ విత్తనానికి పల్లికాయ ఒలుస్తున్నదంట. మా గేరిల ఇంకో ఆరిండ్లల్ల గదే దీపం. మేం చేసింది ఒక్కింట్ల లేదు.
వెనక మూత విప్పి చూసిన. అతుకులు సాఫుగ ఉన్నయి. ఒక్క కాడ సీసం జర ఎక్కువ పడ్డది, పని ఆఖరుకు చెయ్యి అలిస్తే మాకు పడ్డట్టే. ఎవరి బిడ్డ చేసిందో... మెల్లగ మూత బిగించిన. మంచిగుందమ్మ అన్న. అప్పుడు నవ్వింది.

జూన్ 17
సార్ పిలిచిండు. నెలాఖరుకు ప్లేట్లు చేసుడు బంద్. చైనాయి తెచ్చి అమ్ముతడు. అమ్మనీకి, రిపేర్లకు ఒక్కరు చాలు. పది చదివినవు, నువ్వుండు అన్నడు. అక్క నాకన్న పనిమంతురాలు సార్ అన్న.
"తెలుసు మేరీ. ఇగ చేసుడు లేదు గద, అమ్ముడే."
తల వంచుకున్నడు. మూడు దినాలల్ల చెప్పుమన్నడు.

జూన్ 18
పనికి పోలే.

జూన్ 19
అక్కకు ముందే తెలుసంట. కోపం లేదు. జొన్నరొట్టె సగం తుంచి నాకు పెట్టింది. నువ్వుండు, మీ అమ్మసోంటోళ్లకు అమ్ము అన్నది. మరి నువ్వో అంటే — మా చెల్లె పుణెకు మట్టిపనికి పోతుంది, నేను గూడ పోత అన్నది. ఈ వయసుల తట్టలు మోస్తవా అన్న. మిగిలిన సగం గూడ నా చేతుల పెట్టింది.

జూన్ 20, శనివారం
సార్‌ను అడిగిన. ఇద్దరికి సగం సగం పని, సగం సగం జీతం ఇయ్యుమని. అక్క నా మీదికి ఎగిరింది, పిచ్చిదానివా అని. తర్వాత అటు తిరిగి కండ్లు తుడుసుకున్నది.
సార్ కాదనలే. సరే అనలే. సోమవారం చెప్తనన్నడు.
పుణెకు కూలోళ్లను తీస్కపోయే మేస్త్రి జీపు రేపు పొద్దుగాలనే పోతదంట. ఒక్క దినం ఆగు అక్కా అన్న... చూస్త అన్నది.